కార్డు మెమరీ పేజీలను కెర్నెల్‌కు అప్పగించేటప్పుడు: తిరిగొచ్చే దారి ముందు రాయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 16 జీబీ సొంత మెమరీ ఉన్న ఒక పీసీఐఈ యాక్సిలరేటర్ (లెక్కలను వేగంగా చేసే) కార్డుకు మీరు లినక్స్ డ్రైవర్ రాస్తున్నారు. మొదట ఆ మెమరీని ఎంమ్యాప్ (మెమరీని ప్రోగ్రామ్ చిరునామాల్లో చూపే పిలుపు) ద్వారా యూజర్ ప్రోగ్రామ్‌కు చూపించారు, అది బాగానే నడిచింది. ఎన్‌వీఎంఈ (పీసీఐఈకి తగిలే వేగవంతమైన ఎస్ఎస్‌డీ) డిస్కు నుంచి డేటా నేరుగా కార్డుకు రావాలని అదే చిరునామాను డైరెక్ట్ ఐఓ (కెర్నెల్ క్యాష్ లేకుండా డిస్కు నుంచి నేరుగా బఫర్‌కు చదవడం) రీడ్‌కు బఫర్‌గా ఇస్తే ఈఫాల్ట్ (చెల్లని చిరునామా అనే లోపం) వచ్చింది. దాంతో జోన్ డివైస్ పద్ధతికి (కార్డు మెమరీకి కెర్నెల్ పేజీ నమోదులు ఇచ్చే ఏర్పాటు) మారి, మాలాక్ (ప్రోగ్రామ్ మెమరీ అడిగే ఫంక్షన్) ఇచ్చిన మామూలు పాయింటర్లనే కార్డు కూడా వాడుకునేలా చేశారు. ఇప్పుడు అన్నీ పనిచేస్తున్నాయి. కానీ డ్రైవర్‌ను తీసేయబోతే ఆర్‌ఎంమాడ్ (డ్రైవర్‌ను కెర్నెల్ నుంచి తొలగించే ఆదేశం) నిలిచిపోతోంది, రెండు నిమిషాలు గడిచాక లాగ్‌లో హంగ్ టాస్క్ (పని కదలడం లేదన్న) హెచ్చరిక కనిపిస్తోంది. ఆ నిరీక్షణకు టైమవుట్ పెట్టి దాటేయవచ్చా అని అడిగారు.

దాటేయకండి. ఆ నిరీక్షణ మీ యంత్రాన్ని కాపాడుతోంది. మీ కార్డు మెమరీలోని ఏదో ఒక పేజీని ఇంకా ఎవరో పట్టుకుని ఉన్నారని కెర్నెల్ చెబుతోంది. టైమవుట్‌తో ముందుకు వెళ్తే ఆ పేజీల వివరాలున్న పట్టికే మాయమవుతుంది. తర్వాత ఎవరైనా ఆ రెఫరెన్సును (పేజీని పట్టుకున్నట్టు రాసే లెక్క) వదిలినప్పుడు లేని చోట రాత జరుగుతుంది. అది ఎక్కడ పేలుతుందో, ఎప్పుడు పేలుతుందో కనిపెట్టడానికి వారాలు పడుతుంది.

ఈఫాల్ట్ ఎందుకు వచ్చిందో తెలిస్తే ఆర్‌ఎంమాడ్ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను. ఫంక్షన్ల పేర్లను నోటితో పలికే తీరులో రాస్తున్నాను. సోర్సులో పదాల మధ్య అండర్‌స్కోర్ ఉంటుందని గుర్తుంచుకుని వెతుక్కోండి.

కెర్నెల్ తన ర్యామ్‌లోని ప్రతి 4 కేబీ పేజీకీ స్ట్రక్ట్ పేజ్ అనే చిన్న నమోదు ఒకటి ఉంచుకుంటుంది. 64 బిట్ ఎక్స్86 మీద అది మామూలుగా 64 బైట్లు. పేజీని ఎందరు పట్టుకున్నారు, అది లాక్ అయి ఉందా, ఎవరి ఖాతాలో ఉంది అన్నవన్నీ అందులోనే ఉంటాయి. మన ఊళ్లలో అడంగల్‌లో ఎక్కని భూమిని తీసుకోండి. దున్నుకోవచ్చు, పంట తీయవచ్చు, కానీ దాని మీద బ్యాంకు అప్పివ్వదు. ఎంమ్యాప్‌లో రీమ్యాప్ పీఎఫ్ఎన్ రేంజ్ ఫంక్షన్‌తో మీరు చూపించిన కార్డు మెమరీ అలాంటిదే. ప్రాసెసర్ దాన్ని చదవగలదు, రాయగలదు. కానీ దానికి స్ట్రక్ట్ పేజ్ లేదు. ఆ వీఎంఏ (ప్రోగ్రామ్ చిరునామాల్లో ఒక పరిధి) మీద వీఎం ఐఓ, వీఎం పీఎఫ్ఎన్ మ్యాప్ అనే గుర్తులు పడతాయి. డైరెక్ట్ ఐఓ మొదట గెట్ యూజర్ పేజెస్ ఫంక్షన్ల కుటుంబం తలుపు తట్టి "ఈ పేజీలను నాకోసం పట్టి ఉంచు" అని అడుగుతుంది. ఆ గుర్తులు చూడగానే అది ఈఫాల్ట్ ఇచ్చి పంపేస్తుంది. పట్టి ఉంచడానికి లెక్క రాసుకునే చోటే లేనప్పుడు అది చేయగలిగింది కూడా అంతే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. మీ ప్రోగ్రామ్ కార్డు మెమరీలో నేరుగా రాసి చదువుకోవడమే పని అయితే పాత ఎంమ్యాప్ పద్ధతి చాలు. అందులో తప్పేమీ లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. స్ట్రక్ట్ పేజ్ తెచ్చుకున్న రోజు నుంచి కెర్నెల్‌లోని ప్రతి ఉపవ్యవస్థా మీ పేజీని తాకే హక్కు పొందుతుంది. అవసరం ఉంటేనే ఆ బాధ్యత నెత్తిన పెట్టుకోండి.

జోన్ డివైస్ 2015లో, 4.3 కెర్నెల్‌తో వచ్చింది. కెర్నెల్ డెవలపర్ డాన్ విలియమ్స్ దాన్ని పర్సిస్టెంట్ మెమరీ (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ) కోసం తెచ్చారు. అక్కడి సమస్య మీకు ఎదురైనదే: ప్రాసెసర్ నేరుగా చదవగల నిల్వ ఉంది, కానీ డైరెక్ట్ ఐఓకు ఇవ్వడానికి స్ట్రక్ట్ పేజ్ లేదు. మెమరీని హాట్‌ప్లగ్ చేసినట్టే ఆ చిరునామాలకు స్ట్రక్ట్ పేజ్‌లు సృష్టిస్తారు, కానీ వాటిని బడ్డీ అలొకేటర్‌కు (ఖాళీ పేజీలు పంచే భాగం) ఇవ్వరు, ఎల్‌ఆర్‌యూ జాబితాలో (ఈమధ్య వాడని పేజీలను ఖాళీ చేయించే వరుస) పెట్టరు. అందుకే కె‌మాలాక్ (కెర్నెల్ తనకోసం మెమరీ అడిగే ఫంక్షన్) పిలిచినప్పుడు మీ కార్డు మెమరీ ఎన్నడూ రాదు. తర్వాత జెరోమ్ గ్లిస్ ఏళ్ల తరబడి మోసిన హెచ్‌ఎంఎం (ప్రాసెసర్, కార్డు ఒకే చిరునామాలు వాడేలా చేసే కెర్నెల్ భాగం) 2017లో, 4.14లో చేరింది. దానితో వచ్చినదే డివైస్ ప్రైవేట్ మెమరీ, ఇప్పుడు మీరు వాడుతున్నది. ఇందులో ప్రాసెసర్‌కు ఆ పేజీని తాకడం అసలు వీలుకాదు. రిక్వెస్ట్ ఫ్రీ మెమ్ రీజియన్ అనే ఫంక్షన్ భౌతిక చిరునామాల పరిధిలో ఎవరూ వాడని చోటు చూసి ఇస్తుంది. ఆ నంబర్ల వెనుక నిజమైన ర్యామ్ ఉండదు, స్ట్రక్ట్ పేజ్‌లు మాత్రం ఉంటాయి. కార్డు మెమరీలో ఏ పేజీ ఏ నంబరుకు సరిపోతుందన్న లెక్క పూర్తిగా మీ డ్రైవర్‌ది.

ఖర్చు సంగతి కూడా లెక్కేసుకోండి. 16 జీబీ అంటే 41,94,304 పేజీలు. ఒక్కోదానికి 64 బైట్ల చొప్పున 256 ఎంబీ హోస్ట్ ర్యామ్, కార్డులో ఒక్క బైటు కూడా వాడకముందే పోతుంది. పర్సిస్టెంట్ మెమరీలో ఆ పట్టికను ఆల్ట్‌మ్యాప్ అనే ఏర్పాటు ద్వారా డివైస్‌లోనే ఉంచుకోవచ్చు. ప్రైవేట్ మెమరీలో ఆ వీలు లేదు, ప్రాసెసర్ చదవలేని చోట ప్రాసెసర్ లెక్కలు పెట్టలేం కదా. చిన్న సర్వర్లలో ఇలాంటి కార్డులు నాలుగు పెడితే ఒక జీబీ మాయమవుతుంది. ఈ సంగతి కస్టమర్‌కు ముందే చెప్పి ఉంచండి.

ఇక ఒక పేజీ ప్రయాణాన్ని దగ్గరగా చూద్దాం. మీ బగ్ ఈ దారిలోనే ఎక్కడో ఉంది.

ప్రోగ్రామ్ మాలాక్ చేసి, డేటా నింపి, ఆ పాయింటర్‌ను కార్డుకు ఇచ్చింది అనుకోండి. డ్రైవర్ మైగ్రేట్ వీఎంఏ సెటప్ పిలుస్తుంది. కెర్నెల్ ఆ పరిధిలోని ఒక్కో పేజీని లాక్ చేసి, పేజ్ టేబుల్‌లో (చిరునామాను బట్టి పేజీని వెతికే పట్టిక) దాని స్థానంలో మైగ్రేషన్ ఎంట్రీ (పేజీ కదులుతోందన్న గుర్తు) పెడుతుంది. ఈ మధ్యలో ఏ థ్రెడ్ అయినా ఆ చిరునామాను తాకితే అక్కడే ఆగి ఎదురుచూస్తుంది. కదపదగిన పేజీలకు సోర్స్ వరుసలో (ఏ పేజీలు కదపాలో రాసే జాబితా) మైగ్రేట్ గుర్తు ఉంటుంది. ఆర్‌డీఎంఏ (నెట్‌వర్క్ కార్డు నేరుగా మెమరీని వాడే పద్ధతి) లాంటివి పిన్ చేసి పట్టుకున్న పేజీకి ఆ గుర్తు ఉండదు. దాని రెఫరెన్సు కౌంటు మ్యాపింగుల కంటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి కెర్నెల్ వదిలేస్తుంది. చాలామంది కొత్తవాళ్లు అడిగిన పేజీలన్నీ వచ్చేస్తాయనుకుని వరుస మొత్తాన్ని కాపీ చేస్తారు. ప్రతి గడినీ విడిగా చూడాలి.

గుర్తు ఉన్న ప్రతి పేజీకీ డ్రైవర్ తన ఖాళీ జాబితా నుంచి ఒక డివైస్ పేజీ తీసి, జోన్ డివైస్ పేజ్ ఇనిట్ పిలిచి, డెస్టినేషన్ వరుసలో (ఎక్కడికి చేరాలో రాసే జాబితా) పెడుతుంది. ఈ ఇనిట్ పిలుపు పేజీని తానే లాక్ చేసి, కౌంటును ఒకటి చేస్తుంది, దానితోపాటు పేజ్‌మ్యాప్ (ఈ కార్డు పేజీలన్నింటి ఉమ్మడి నమోదు) మీద కూడా ఒక రెఫరెన్సు తీసుకుంటుంది. దీన్ని మనసులో పెట్టుకోండి, మీ ఆర్‌ఎంమాడ్ ఎదురుచూసేది ఈ రెఫరెన్సు కోసమే. ఆ తర్వాత డీఎంఏ ఇంజిన్‌తో (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటా కదిపే భాగం) డేటా కాపీ. అది నిజంగా పూర్తయ్యాకే మైగ్రేట్ వీఎంఏ పేజెస్. చివర ఫైనలైజ్. అప్పుడు పేజ్ టేబుల్‌లో ఒక ప్రత్యేకమైన స్వాప్ ఎంట్రీ నిలుస్తుంది, పాత ర్యామ్ పేజీ విడుదలవుతుంది.

తర్వాత ప్రాసెసర్ ఆ చిరునామాను తాకితే ఫాల్టు (పేజీ అక్కడ లేదన్న అంతరాయం). కెర్నెల్‌లోని డూ స్వాప్ పేజ్ ఫంక్షన్ ఆ ఎంట్రీని చూసి, ఇది డివైస్ ప్రైవేట్ అని గుర్తించి, మీ మైగ్రేట్ టు ర్యామ్ కాల్‌బ్యాక్‌ను (కెర్నెల్ పిలవడానికి మీరు రాసిచ్చిన ఫంక్షన్) పిలుస్తుంది. అక్కడ మీరు ఇదే నాటకాన్ని వెనక్కి ఆడాలి: కొత్త ర్యామ్ పేజీ, డీఎంఏ, ఫైనలైజ్. ఇక్కడొక మెలిక ఉంది. ఫాల్టు తీసుకున్న కెర్నెల్ కోడ్ తన వంతుగా ఆ డివైస్ పేజీ మీద ఒక రెఫరెన్సు పట్టుకుని ఉంటుంది. 6.1 నుంచి మైగ్రేట్ వీఎంఏ స్ట్రక్చర్‌లో ఫాల్ట్ పేజ్ అనే గడి ఉన్నది అందుకే. పాత డ్రైవర్ నుంచి కోడ్ తెచ్చుకున్నవాళ్లు దాన్ని ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు కౌంటు ఒకటి ఎక్కువ కనిపించి పేజీ కదలదు. మీ కాల్‌బ్యాక్ సున్నా తిరిగిస్తే ప్రాసెస్ అదే ఫాల్టులో తిరుగుతూ ప్రాసెసర్‌ను నూరు శాతం తినేస్తుంది.

ఆ డివైస్ పేజీ మీద చివరి రెఫరెన్సు పోయిన క్షణాన కెర్నెల్ మీ విడుదల కాల్‌బ్యాక్‌ను పిలుస్తుంది. పేజీ మీ ఖాళీ జాబితాకు చేరుతుంది, పేజ్‌మ్యాప్ రెఫరెన్సు ఒకటి తగ్గుతుంది. చక్రం పూర్తి.

నేను ఎవరికైనా మొదట చెప్పేది ఒక్కటే: ఈ కాల్‌బ్యాక్‌ను, దానికి చేరే దారులన్నింటినీ ముందు రాయండి, కార్డుకు పేజీలు పంపే కోడ్ ఆ తర్వాత రాయండి. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. నేనూ చేశాను. పంపడం కళ్లకు కనిపించే పని, డెమోలో చూపించుకోవచ్చు. తిరిగి తీసుకోవడం ఎవరూ చూడని పని, బగ్గులన్నీ అక్కడే కాపురం పెడతాయి.

నాకు జరిగిన రెండు సంగతులు చెబుతాను. నేను పనిచేసిన ఒక సంస్థలో మా డ్రైవర్ విడుదల కాల్‌బ్యాక్‌లో ఖాళీ జాబితాను మ్యూటెక్స్‌తో (దొరికేవరకు నిద్రపోయే లాక్) కాపాడాం. నెలల తరబడి ఏ ఇబ్బందీ రాలేదు. ఒకరోజు పెద్ద ప్రాసెస్ ఒకటి కార్డు పని మధ్యలో చనిపోయింది, లాగ్ నిండా "షెడ్యూలింగ్ వైల్ అటామిక్" (నిద్రపోకూడని చోట నిద్ర) సందేశాలు. ప్రాసెస్ చనిపోయినప్పుడు కెర్నెల్ దాని పేజ్ టేబుల్‌ను ఊడ్చుకుంటూ పోతుంది. డివైస్ ప్రైవేట్ ఎంట్రీ తగిలినప్పుడు పేజ్ టేబుల్ స్పిన్‌లాక్‌ను (నిద్రపోకుండా ఎదురుచూసే లాక్) పట్టుకుని ఉండగానే రెఫరెన్సును వదులుతుంది. అదే చివరిదైతే మీ కాల్‌బ్యాక్ ఆ స్పిన్‌లాక్ కిందే నడుస్తుంది, అక్కడ నిద్రపోకూడదు. అంతవరకు మా పరీక్షల్లో పేజీలన్నీ ఫాల్టు దారిలోనే తిరిగొచ్చేవి, ఈ లాక్ ఉండేది కాదు. అందుకే బయటపడలేదు. కాబట్టి ఆ కాల్‌బ్యాక్‌లో స్పిన్‌లాక్ తప్ప మరేమీ వద్దు. డీఎంఏ కోసం ఆగడం, మెమరీ అడగడం, మ్యూటెక్స్, ఏదీ వద్దు. కెర్నెల్ కాన్ఫిగ్‌లో డీబగ్ అటామిక్ స్లీప్, ప్రూవ్ లాకింగ్ పెట్టుకుని ఉంటే మొదటి రోజే దొరికేది.

రెండోది అచ్చంగా మీ సమస్యే. ఆర్‌ఎంమాడ్ ఆగిపోయింది. దాని స్టాక్ (ఏ ఫంక్షన్‌లో ఆగిందో చెప్పే వరుస) చూస్తే మెమ్ అన్‌మ్యాప్ పేజెస్ (ఈ పేజీల పట్టికను తీసేసే ఫంక్షన్) లోపల వెయిట్ ఫర్ కంప్లీషన్. మీదీ అలాగే ఉంటుంది, చూసుకోండి. డ్రైవర్‌లో రెండు కౌంటర్లు పెట్టాను, ఇనిట్ పిలిచినప్పుడు ఒకటి, విడుదల కాల్‌బ్యాక్‌లో ఒకటి. లక్షల పేజీలు వెళ్లి వచ్చాక తేడా ఎంతో తెలుసా? ఒకటి. ఒక్క పేజీ కోసం యంత్రం నిలబడిపోయింది. స్ట్రక్ట్ పేజ్‌లో జోన్ డివైస్ డేటా అనే గడి పూర్తిగా డ్రైవర్ సొంతానికే ఉంది. ప్రతి పేజీకీ అది ఏ దారిలో బయటికి వెళ్లిందో సూచించే చిన్న నిర్మాణాన్ని అందులో తగిలించి, చివర తిరిగిరాని పేజీని పట్టుకున్నాను. మా పరీక్షలో కావాలనే ఒకసారి డీఎంఏ లోపం పుట్టిస్తాం. ఆ లోపం దారిలో డెస్టినేషన్ గడిని సున్నా చేసి వెనక్కి వచ్చేశాం. గడి సున్నా అయితే ఫైనలైజ్‌కు ఆ పేజీ సంగతే తెలియదు. లాక్ తీసి రెఫరెన్సు వదలాల్సింది మేమే, అది రాయలేదు. గడిలో పేజీని అలాగే ఉంచి, సోర్స్ గడిలో మైగ్రేట్ గుర్తు తీసేస్తే ఫైనలైజ్ తానే లాక్ తీసి వదిలేది. రెండింటిలో ఏదైనా సరే, ఒక్కటి ఎంచుకుని డ్రైవర్ అంతటా అదే పాటించండి.

డ్రైవర్ తొలగింపు క్రమం కూడా చూసుకోండి. ముందు కార్డుకు కొత్త పని రాకుండా తలుపు మూయాలి. జరుగుతున్న డీఎంఏ అంతా ముగియాలి. ఆ తర్వాత కార్డులో మిగిలిన పేజీలన్నీ ర్యామ్‌కు రావాలి. ప్రాసెస్‌లు ఇంకా బతికే ఉండవచ్చు, వాళ్ల డేటాకు ఉన్న ఒకే ప్రతి మీ కార్డులో ఉండవచ్చు. 6.1లో వచ్చిన మైగ్రేట్ డివైస్ రేంజ్ దీనికోసమే, ఏ ప్రాసెస్‌దో, ఏ వీఎంఏదో తెలియకపోయినా పేజీ నంబర్ల వరుసను బట్టి కదుపుతుంది. కొన్ని పేజీలు మొదటిసారి కదలవు, వాటికోసం మళ్లీ తిరగాలి. అన్నీ తిరిగొచ్చాకే మెమ్ అన్‌మ్యాప్ పేజెస్. మీరు డెవ్ఎం రకం (తీసుకున్నవాటిని తానే వెనక్కి ఇచ్చే) ఫంక్షన్ వాడితే ఆ చివరి మెట్టు ప్రోబ్‌లో (డ్రైవర్ కార్డును మొదలుపెట్టే ఫంక్షన్) తీసుకున్న క్రమానికి వెనుక నుంచి తానే జరుగుతుంది. డీఎంఏ ఇంజిన్‌ను అంతకంటే ముందే ఆపేసి ఉంటే, తర్వాత వచ్చే ఫాల్టుకు డేటా తెచ్చి ఇచ్చే దిక్కు ఉండదు. కార్డు భౌతికంగా ఊడిపోతే మాత్రం చేయగలిగింది తక్కువే. అందులోని డేటా పోయినట్టే. మైగ్రేట్ టు ర్యామ్ నుంచి సిగ్‌బస్ (ఆ మెమరీ అందదని ప్రోగ్రామ్‌కు చెప్పే సిగ్నల్) తిరిగివ్వడమే నిజాయితీ. సున్నాలు నింపిన పేజీ ఇచ్చి ప్రోగ్రామ్‌ను మోసం చేయకండి.

పాత కోడ్ చూసి రాసేవారికి ఒక హెచ్చరిక. 5.18కి ముందు జోన్ డివైస్ పేజీ విడుదలకు కౌంటు సున్నాకు దిగాల్సిన పని ఉండేది కాదు. ఒకటికి దిగినప్పుడు విడుదల అనే వింత లెక్క. అది అప్పుడు తొలగిపోయింది. అంతకుముందు రాసిన డ్రైవర్ల నుంచి అతికించిన గెట్ పేజ్, పుట్ పేజ్ వరుసలు ఇప్పుడు సరిగ్గా ఒక రెఫరెన్సు తేడా చూపిస్తాయి. మీ కోడ్‌లో అలాంటివి ఉన్నాయేమో మొదట చూడండి.

కార్డు పేజ్ టేబుళ్ల గురించి క్లుప్తంగా. కార్డు హోస్ట్ ర్యామ్‌ను కూడా చూస్తుంటే ఎంఎంయూ ఇంటర్వెల్ నోటిఫయర్ (ప్రోగ్రామ్ పేజ్ టేబుల్ మారితే డ్రైవర్‌కు కబురు పంపే ఏర్పాటు) తప్పనిసరి. రీడ్ బిగిన్‌తో సీక్వెన్స్ నంబరు తీసుకుని, హెచ్‌ఎంఎం రేంజ్ ఫాల్ట్‌తో పేజీలు తెలుసుకుని, డ్రైవర్ లాక్ పట్టుకుని, అప్పుడు రీడ్ రీట్రై అడగాలి. అది అవునంటే లాక్ వదిలి మొదటికి రావాలి. లాక్ పట్టకముందు అడిగితే ఆ ప్రశ్నకు విలువ లేదు, అడిగాక లాక్ పట్టేలోపే చిత్రం మారిపోవచ్చు.

మీ మొదటి కోరిక ఎన్‌వీఎంఈ డిస్కు నుంచి డేటా నేరుగా కార్డుకు రావడం. డివైస్ ప్రైవేట్ దానికి జవాబు కాదని ఇప్పటికే గమనించి ఉంటారు. అలాంటి పేజీని గెట్ యూజర్ పేజెస్ అడిగితే ఫాల్టు పుట్టి పేజీ ర్యామ్‌కు వచ్చేస్తుంది, డిస్కు ర్యామ్‌లోనే రాస్తుంది, మీరు మళ్లీ కార్డుకు పంపుతారు. సరైన ఫలితమే, కానీ రెండు ప్రయాణాలు. నేరుగా వెళ్లాలంటే కార్డు బార్‌లో (పీసీఐఈ ద్వారా బయటికి కనిపించే కార్డు చిరునామాల పరిధి) కొంత భాగాన్ని పీ2పీడీఎంఏకు (ఒక కార్డు నుంచి మరో కార్డుకు నేరుగా డేటా పంపే ఏర్పాటు) నమోదు చేయాలి. అది 2018లో 4.20తో వచ్చింది, యూజర్ ప్రోగ్రామ్ నుంచి డైరెక్ట్ ఐఓకు వాడే వీలు 6.2లో వచ్చింది. డిస్కు, కార్డు ఒకే పీసీఐఈ స్విచ్ కింద ఉంటే నిశ్చింత. వేర్వేరు రూట్ పోర్టుల కింద ఉంటే ఆ హోస్ట్ బ్రిడ్జి (ప్రాసెసర్‌ను పీసీఐఈతో కలిపే భాగం) కెర్నెల్ అనుమతించే జాబితాలో ఉండాలి. ఒకే కార్డులో కొంత భాగం ప్రైవేట్‌గా, కొంత భాగం పీ2పీడీఎంఏగా పంచుకోవడంలో తప్పులేదు. పెద్ద లెక్కల డేటాకు మొదటిది, ఫైళ్లు దింపుకునే బఫర్లకు రెండోది.

ఈ వారం మీ కార్డును పక్కన పెట్టి కెర్నెల్‌లోనే ఉన్న టెస్ట్ హెచ్‌ఎంఎం మాడ్యూల్‌ను నడపండి. మామూలు ర్యామ్‌నే కార్డులా నటింపజేసే డ్రైవర్ అది, లిబ్ డైరెక్టరీలో ఉంటుంది, దాని పరీక్షలు సెల్ఫ్‌టెస్ట్‌లలో ఉన్నాయి. దాని విడుదల కాల్‌బ్యాక్‌ను, తొలగింపు దారిని వరుస వరుసగా చదివి మీ దాని పక్కన పెట్టి చూడండి. ఆపైన రెండు కౌంటర్లు పెట్టి, ప్రోగ్రామ్‌లన్నీ ముగిశాక ఒకసారి, ముగియకముందు ఒకసారి ఆర్‌ఎంమాడ్ చేసి తేడా రాసుకోండి. అన్నీ ముగిశాక కూడా ఒకటో రెండో మిగిలితే లోపం ఎర్రర్ దారుల్లో ఉంది, డీఎంఏ విఫలమైన చోట, వరుసలో సగం పేజీలే కదిలిన చోట వెతకండి. ప్రోగ్రామ్‌లు నడుస్తుండగా వేలల్లో మిగిలితే ఎర్రర్ దారుల జోలికి వెళ్లకండి. అవి ఎవరూ వెనక్కి రప్పించని పేజీలు, మైగ్రేట్ డివైస్ రేంజ్ పిలుపు ఇంకా రాయలేదన్నమాట. ఆ రెండు అంకెలు, మీ తొలగింపు ఫంక్షన్ ఇక్కడ పెట్టండి, మిగతాది చూస్తాను.